ఐబు ఎక్కడుంది? జిమ్మేదారీ ఎవరిది?

మన కోర్టు కాగితాలు తెలుగులోనే ఉంటాయి గానీ అందులో సగం మాటలు అరబీ, ఫార్సీల నుంచి వచ్చినవే. దస్తావేజు, దావా, వకీలు, ఫిర్యాదు, జామీను, కబ్జా, హద్దు, హక్కు, షరతు... ఇవన్నీ ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకున్నాయి. అదే ఖాందాన్‌కు చెందిన మరో మాట ఐబు. మన ఇళ్లలో మనిషికైనా, వస్తువుకైనా ఉన్న లోపాన్ని ఐబ్ అంటాం. ఈ వ్యాసం ఇంటికి ఉండే ఐబు గురించి.

మసలా సాదాసీదాది. ఒక కుటుంబం ఇరవై ఏళ్ల కమాయి పోసి, మిగతాది బ్యాంకు నుంచి తెచ్చి ఫ్లాటు కొంటుంది. కొనేముందు ఒక ఇంజినీరు వచ్చి చూసి ‘బాగుంది’ అంటాడు. బ్యాంకు మనిషి కూడా వచ్చి చూసి వెళ్తాడు. రెండో వర్షాకాలానికి స్లాబు పెచ్చులు ఊడతాయి, తుప్పుపట్టిన చువ్వలు బయటపడతాయి. అమ్మినవాడు ‘చూసుకునే కొన్నారుగా’ అంటాడు. చూసినవాడు ‘పైకి కనిపించినంత వరకే చెప్పాను’ అంటాడు. బ్యాంకు ‘కిస్తీ కట్టండి’ అంటుంది. ఈ ముగ్గురిలో జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు? ఈ సవాల్ కొత్తదేం కాదు. దీని వెనక వెయ్యేళ్లకు పైబడిన తారీఖ్ ఉంది.

ముంగిలి చూస్తే చాలా, గది గదీ చూడాలా?

ఫిఖ్హ్ కితాబుల్లో కొనుగోలు బాబ్ తెరిస్తే ‘ఖియార్’ అనే మాట ఎదురవుతుంది. ఖియార్ అంటే ఇఖ్తియార్, బేరాన్ని ఉంచుకోవాలా రద్దు చేసుకోవాలా అని నిర్ణయించుకునే హఖ్. ఇందులో రెండు రకాలు మనకు కావాలి. చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హఖ్ ఖియారె రూయత్. కొన్నాక లోపం బయటపడితే తిప్పి ఇచ్చే హఖ్ ఖియారె ఐబ్.

ఇల్లు కొనేటప్పుడు ‘చూడడం’ అంటే ఎంతవరకు చూడడం? హనఫీ ఫుఖహా దీని మీద పెద్ద బహసే చేశారు. ఇంటి ముంగిలి చూస్తే ఇల్లు చూసినట్టేనని పాత మాట. ఇమామ్ అబూ హనీఫా శాగిర్ద్ ఇమామ్ జుఫర్ దీనికి ఒప్పుకోలేదు, లోపలి గదులు కూడా చూడాల్సిందేనన్నారు. 12వ శతాబ్దంలో హిదాయా రాసిన బుర్హానుద్దీన్ మర్గీనానీ ఈ ఇఖ్తిలాఫ్‌ను చక్కగా విప్పారు. ఆ పాత రోజుల్లో ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉండేవి, కాబట్టి ముంగిలి చూస్తే లోపల ఏముందో తెలిసిపోయేది. ఇప్పుడు ఇల్లు ఇల్లుకూ తేడా ఉంది, కాబట్టి లోపలికి వెళ్లి చూడాల్సిందేనని ఆయన తేల్చారు. అంటే జమానా మారితే తనిఖీ లోతు కూడా మారాలన్నమాట. 19వ శతాబ్దపు ఉస్మానీ సల్తనత్ ఈ ఫిఖ్హ్‌ను మజల్లా పేరుతో కోడ్‌గా రాయించినప్పుడు 326వ దఫాలో దీన్నే పెట్టింది. ఇల్లు కొంటే ప్రతి గదీ చూడాలి, గదులన్నీ ఒకేలా ఉంటే ఒకటి చూస్తే సరిపోతుంది.

ఖియారె ఐబ్ ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. బేరం ఏ షరతూ లేకుండా జరిగితే సరుకు ఐబు లేకుండా ఉండాలన్నదే అసలు ఉసూల్. మజల్లా 336వ దఫా అదే. కొన్నాక పాత ఐబు బయటపడితే ఖరీదార్ సరుకు తిప్పి ఇచ్చి పూర్తి సొమ్ము వాపస్ తీసుకోవచ్చు. ఈలోగా తన చేతిలో ఇంకో లోపం వచ్చి తిప్పి ఇచ్చే వీలు లేకపోతే, బాగున్న సరుకు ఖీమత్‌కూ ఐబు ఉన్న సరుకు ఖీమత్‌కూ మధ్య తేడా రాబట్టుకోవచ్చు. ఆ తేడా లెక్కగట్టేది ఎవరు? రెండు పక్షాలతోనూ లావాదేవీ లేని, ఆ పని తెలిసినవాళ్లు. ఇవాళ కోర్టులు ‘ఇండిపెండెంట్ ఎక్స్‌పర్ట్’ అంటున్నది వీళ్లనే.

ఖరీదార్‌కు కూడా హద్దులు పెట్టారు. ఐబు తెలిసి కొంటే హఖ్ లేదు. ఐబు తెలిశాక కూడా మాలిక్‌లా వాడుకుంటూ పోతే హఖ్ లేదు. అన్ని లోపాలతో సహా అమ్ముతున్నానని అమ్మినవాడు ముందే షరతు పెట్టి, కొన్నవాడు ఒప్పుకుంటే హఖ్ లేదు. బ్యాంకులు వేలంలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్మేది సరిగ్గా ఈ మూడో పద్ధతిలోనే. వేలం ఇల్లు చవగ్గా వస్తోందని ఎగబడేవాళ్లు ఈ మాట యాద్ ఉంచుకోవాలి.

ఇదంతా పొడి ఖానూన్ కాదు, దీని వెనక అఖ్లాఖ్ ఉంది. మదీనా బజారులో ధాన్యపు కుప్పలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెయ్యి పెడితే లోపల తడి తగిలిన హదీస్ మనలో చాలామందికి తెలుసు. వానకు తడిసిందని దుకాణదారు చెప్పాడు. అలాంటప్పుడు తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదన్నదే అక్కడ అడిగిన ప్రశ్న. ధాన్యం తడవడం గునాహ్ కాదు. తడిని పొడి గింజల కింద దాచడమే ఖియానత్. పగిలిన స్లాబు మీద పుట్టీ రాసి, కొత్త రంగు వేసి అమ్మడం కూడా ఇదే జాతి పని.

ఇంగ్లీషు కళ్లజోడు

ఉత్తర సర్కారులు 1765లో షా ఆలం ఫర్మానాతో కంపెనీ చేతికి వెళ్లాయి, విశాఖపట్నం కూడా అందులోదే. మొదట్లో కంపెనీ అదాలతులకు మన షరా కావాల్సి వచ్చింది. చార్లెస్ హామిల్టన్ హిదాయాను ఇంగ్లీషులోకి మార్చి 1791లో అచ్చు వేయించింది అందుకే. కానీ 1872లో కాంట్రాక్ట్ చట్టం, 1882లో ఆస్తి బదలాయింపు చట్టం వచ్చాక బేరసారాల్లో ఫిఖ్హ్‌కు చోటు పోయింది. నికాహ్, విరాసత్, వక్ఫ్ లాంటివే మిగిలాయి.

ఇంగ్లీషువాళ్లు తెచ్చిన ఉసూల్‌లో బరువంతా కొన్నవాడి మీదే పడుతుంది. ‘కొనేవాడే జాగ్రత్త పడాలి’ అన్నది వాళ్ల పాత మాట. అయినా 1882 చట్టం ఒక కిటికీ తెరిచి పెట్టింది. అందులోని 55వ సెక్షన్ ప్రకారం ఆస్తిలోగానీ హక్కులోగానీ ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే అమ్మేవాడు దాన్ని చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే దాన్ని మోసం కింద లెక్కిస్తామని అదే సెక్షన్ చివర్లో రాసి ఉంది. ధాన్యపు కుప్పలో తడి కథకు ఇంగ్లీషు తర్జుమా దాదాపు ఇదే.

అసలు చిక్కు ‘మామూలు జాగ్రత్త’ అనే రెండు మాటల్లో ఉంది. గోడ మీద కనిపించే పగులును మీరు చూడకపోతే తప్పు మీది. గోడ లోపల తుప్పుపట్టిన చువ్వ సంగతి వేరు.

ఉప్పుగాలి ఇచ్చే గవాహీ

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఇంటి ఐబు గురించి మాట్లాడడానికి కారణం ఉంది. అక్కడ పడవల మీద పనిచేసేవాళ్లను కళాసీలంటారు, ఆ మాటా మన ‘ఖలాసీ’యే. పాత బోటు కొనేవాడు రంగు చూసి డబ్బివ్వడు. నీళ్లలోంచి పైకి లాగించి అడుగు చూస్తాడు, చెక్క మీద కొట్టి చప్పుడు వింటాడు, ఇంజను నడిపించి చూస్తాడు. అదే మనిషి ఇల్లు కొనేటప్పుడు టైల్సు, కిచెన్ ప్లాట్‌ఫాం, బాల్కనీలోంచి కనిపించే సముందర్ చూసి బయానా ఇచ్చేస్తాడు.

తీరంలో కాంక్రీటుకు అసలు దుష్మన్ ఉప్పు. సముద్రపు గాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి చువ్వను చేరతాయి. తుప్పుకు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే అది లోపలి నుంచి తోస్తుంది. మొదట చువ్వ వెంబడి సన్నటి పగులు, తర్వాత గోధుమరంగు మరక, ఆ తర్వాత పెచ్చు. ఉప్పు ఇసుక కలిపి పోసిన కాంక్రీటైతే ఐబు పుట్టుకతోనే ఉన్నట్టు. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 456, 2000 నాటి ముద్రణలో, తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటును ‘తీవ్రం’ అనే తరగతిలో పెట్టింది. అలాంటి చోట కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు వాడాలి, చువ్వ మీద సాధారణంగా 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. అంత ఉప్పుగాలి తగలని ‘మధ్యస్థ’ తరగతికి 30 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఈ 15 మిల్లీమీటర్లు మిగుల్చుకోవడం మేస్త్రీకి చిన్న పని, ఇంటివాళ్లకు జిందగీ మొత్తం నష్టం.

ఈ సంఖ్యలు కోర్టులో పనికొస్తాయి. ‘పని బాగాలేదు’ అంటే అది రాయ్ మాత్రమే. ‘కవరు 45 ఉండాల్సిన చోట 20 ఉంది’ అంటే అది సబూత్. కవరు మీటరు, రీబౌండ్ హ్యామర్, కోర్ టెస్టు లాంటి పరీక్షలు ఈ సబూత్ కోసమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు అద్దాలు, పైకప్పులు, గోడలు అన్నీ ఇంతిహాన్ రాయాల్సి వచ్చింది. అయితే తుఫానులో పోయిన ప్రతిదానికీ బిల్డరు జిమ్మేదార్ కాడు. గాలికి విరిగిందా, నాసిరకం పని వల్ల విరిగిందా అని విడదీసి చెప్పగలిగేది మళ్లీ పని తెలిసిన మనిషే.

1986 నుంచి 2016 దాకా

సివిల్ దావా అంటే ఏళ్ల తరబడి తిరగడం, మధ్యతరగతి దానికి దూరంగా ఉండేది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది గానీ ఇల్లు అందులోకి వస్తుందా రాదా అన్నది తేలలేదు. 1993 సవరణ ‘గృహ నిర్మాణం’ అనే మాటను సేవల జాబితాలో చేర్చింది. అదే ఏడాది నవంబర్ 5న సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఫైసలా ఇచ్చింది. ఇల్లు కట్టి ఇవ్వడం సేవే, సర్కారీ సంస్థ అయినా జవాబు చెప్పాల్సిందే, మనిషి పడిన పరేషానీకి కూడా పరిహారం ఉంటుందని ఆ తీర్పు చెప్పింది.

ఈ తారీఖ్‌లో మన విశాఖకూ ఒక సఫా ఉంది. చిన వాల్తేరులో ఒక స్థల యజమాని 2004లో ఒక బిల్డరుతో ఒప్పందం చేసుకున్నాడు. ఐదంతస్తులు కట్టాలి, ఫ్లాట్లలో 40 శాతం యజమానికి, 60 శాతం బిల్డరుకు. పని ఆలస్యమైంది, కొన్ని పనులు పూర్తికాలేదన్నది యజమాని ఫిర్యాదు. జిల్లా ఫోరం ఆయన మాట విన్నది. రాష్ట్ర కమిషన్ మాత్రం వాటాగా డజను ఫ్లాట్లు తీసుకున్నవాడు వినియోగదారుడు కాడని, ఇది తిజారత్ అని కొట్టేసింది. జాతీయ కమిషన్ కూడా దాన్నే ఒప్పుకుంది. 2016 జూలైలో సుప్రీంకోర్టు ఆ రెండు ఉత్తర్వులూ పక్కనపెట్టింది. స్థలం ఇచ్చి వాటా ఫ్లాట్లు తీసుకునే యజమాని బిల్డరుకు భాగస్వామి కాడు, బిల్డరు సేవను తీసుకునేవాడే, కాబట్టి వినియోగదారుడేనని చెప్పి కేసును మళ్లీ విచారణకు పంపింది. పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇస్తున్న మన పెద్దలందరికీ ఇది పెద్ద సహారా. అదే సమయంలో ఒప్పందం తారీఖునూ తీర్పు తారీఖునూ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో 12 ఏళ్లు. అన్నేళ్ల తర్వాత కూడా తేలింది ఆయన వినియోగదారుడా కాదా అన్న మొదటి గుమ్మం సంగతే.

2016లోనే రెరా చట్టం వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మన మసలాకు సంబంధించి దాని గుండెకాయ 14వ సెక్షన్‌లోని మూడో భాగం. ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ నాణ్యతలోగానీ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. ఇక్కడ ‘చూసుకునే కొన్నారుగా’ అన్న మాటకు విలువ లేదు. ఇంగ్లీషు ఉసూల్ తలకిందులై, ఐబు లేకుండా ఇవ్వడమే అసలు అన్న పాత మాట వేరే దారిలో తిరిగొచ్చింది.

2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో ముడి విప్పింది. బెంగళూరులో ఒక ప్రాజెక్టులో ఫ్లాట్లు కొన్న మూడు వందల మందికి పైగా వేసిన కేసు అది. తాళాలు తీసుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన పరిహారం అడిగే హఖ్ పోదని కోర్టు చెప్పింది. ఐబు తెలిశాక వాడుకుంటే హఖ్ పోతుందన్న మజల్లా కంటే ఇది ఖరీదార్‌కు మెరుగు. ఇంటికి కిరాయి, బ్యాంకుకు కిస్తీ రెండూ కడుతున్నవాడు తాళాలు తీసుకోక ఏం చేస్తాడు? కోర్టు ఆ మజ్బూరీని గుర్తించింది.

చూసినవాడి జిమ్మేదారీ

ఇక తనిఖీ చేసినవాడి దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో 1989లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక తీర్పు ఇచ్చింది, స్మిత్ వర్సెస్ బుష్ అంటారు. అప్పు ఇచ్చే సంస్థ పంపిన సర్వేయరు ఇల్లు చూసి పెద్ద మరమ్మతులేం అక్కర్లేదని రాశాడు. గదిలోకి వచ్చే చిమ్నీ భాగాన్ని ఎవరో తీసేశారు, పైనున్నదానికి ఆసరా ఉందో లేదో అతను చూడలేదు. తర్వాత ఆ చిమ్నీ ఇటుకలు కప్పు పగలగొట్టుకుని కిందపడ్డాయి. రిపోర్టు అప్పిచ్చే సంస్థ కోసమే రాసినా, మామూలు ఇల్లు కొనే మనిషి దాన్నే నమ్ముకుంటాడని సర్వేయరుకు తెలుసు, కాబట్టి ఆ మనిషికీ అతను జవాబుదారీయేనని లార్డ్స్ చెప్పారు. ‘మాకు బాధ్యత లేదు’ అని కాగితం మీద రాసుకున్నా అది చెల్లలేదు.

మన దగ్గర లైసెన్సు ఉన్న ‘హోమ్ ఇన్‌స్పెక్టర్’ అనే చట్టబద్ధమైన ఓహ్దా ఏదీ లేదు. బ్యాంకు పంపే వాల్యుయర్ ఇల్లు ఎంత ఖరీదు చేస్తుందో చూస్తాడు, ఎంతకాలం నిలబడుతుందో కాదు. అతన్ని పెట్టుకున్నది బ్యాంకు. అప్పు మంజూరైందంటే ఇల్లు గట్టిదని బ్యాంకు గవాహీ ఇచ్చినట్టు కాదు. ఈ గలత్‌ఫహ్మీ వల్లే ఎన్నో కుటుంబాలు మునుగుతున్నాయి.

మీరు సొంతంగా ఫీజు ఇచ్చి పిలిపించుకున్న ఇంజినీరు కథ వేరు. డబ్బు తీసుకుని చేసే నిపుణుల పని కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో డాక్టర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజినీరు నిర్లక్ష్యంగా చూసి తప్పు రిపోర్టు ఇస్తే అది సేవా లోపమే. అయితే ఏం చూస్తాడో, ఏం చూడడో కాగితం మీద ఉండాలి. నోటి మాట మీద ‘బాగుంది భాయ్’ అనిపించుకుంటే తర్వాత పట్టుకోవడానికి ఏమీ మిగలదు. దస్తావేజులు చూసి లీగల్ ఒపీనియన్ ఇచ్చే వకీలును మాత్రం వినియోగదారుల కమిషన్‌కు లాగలేం. 2024 మే 14న సుప్రీంకోర్టు వకీళ్ల సేవలు ఆ చట్టం కిందికి రావని తేల్చింది. వాళ్ల మీద సివిల్ దావా దారి మాత్రం ఉంది.

ఇప్పుడు మన ముందున్న దర్వాజాలు

కొత్త ఫ్లాటు, బిల్డరు దగ్గర కొన్నది అయితే రెరా. ఐదేళ్ల గడియారం ఇల్లు అప్పగించిన రోజు నుంచి నడుస్తుంది. మొదటి కొనుగోలుదారు నుంచి మీరు తీసుకున్నా చట్టంలోని ‘అలాటీ’ అన్న మాటలో మీరూ ఉన్నారు. అయితే 500 చదరపు మీటర్లు దాటని స్థలంలో లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని భవనాల్లో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న చిన్న స్థలాల్లో లేచే అపార్ట్‌మెంట్లు చాలా వరకు ఈ కొలతల్లోనే ఉంటాయి. బయానా ఇచ్చేముందే రెరా నంబరు అడగండి. లేదంటే ఎందుకు లేదో కాగితం మీద తీసుకోండి.

బిల్డరు మీదైనా, ఫీజు తీసుకున్న ఇంజినీరు మీదైనా వినియోగదారుల కమిషన్ రెండో దర్వాజా. రెరా ఉన్నంత మాత్రాన ఇది మూసుకోదని 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్ దాఖలుకు 2020లో తెచ్చిన వ్యవస్థకు సర్కారు పెట్టిన పేరు ‘ఈ-దాఖిల్’. మాట మళ్లీ మనదే.

ఒక మామూలు మనిషి నుంచి పాత ఇల్లు కొంటే అతను బిల్డరు కాడు, సేవ అమ్మేవాడూ కాడు. అక్కడ పనిచేసేది 1882 నాటి 55వ సెక్షన్, కాంట్రాక్ట్ చట్టంలోని మోసం సెక్షన్లు, సివిల్ కోర్టు. గడువు సాధారణంగా మూడేళ్లు, మోసం దాగి ఉంటే అది బయటపడిన నాటి నుంచి. ఇక్కడ మీరు రుజువు చేయాల్సింది ఐబు ఉందని మాత్రమే కాదు, అది అతనికి ముందే తెలుసని కూడా. అందుకే కొనేముందు వాట్సాప్‌లోనైనా సరే సూటిగా అడగండి. స్లాబు ఎప్పుడైనా కారిందా? చువ్వలు బయటపడితే ప్యాచ్ వేయించారా? బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా? ‘లేదు’ అని రాతలో వచ్చిన అబద్ధం రేపు అదాలత్‌లో మీ గవాహ్ అవుతుంది.

ఏ దర్వాజా తట్టినా మొదటి పని ఒకటే. పెచ్చు ఊడగానే మేస్త్రీని పిలిచి పూత వేయించకండి, వేయిస్తే సబూత్ దాని కిందే దఫన్ అయిపోతుంది. తారీఖు పడేలా ఫోటోలు తీయండి. రెండు పక్షాలతోనూ సంబంధం లేని ఇంజినీరుతో కొలతలు వేయించి రిపోర్టు రాయించండి. అమ్మినవాడికి పోస్టులో నోటీసు పంపి, వచ్చి చూసుకునే మౌకా ఇవ్వండి. కప్పు కూలే ఖత్రా ఉంటే మాత్రం మొదట బీబీ పిల్లలను బయటకు చేర్చి, ఆసరా పెట్టించి, ఆ పని రసీదు కూడా జాగ్రత్త చేయండి.

అమ్మేవాళ్లు కూడా మన కుటుంబాల్లోనే ఉన్నారు. పాత ఇల్లు అమ్మి కూతురి షాదీ చేసే అబ్బాజాన్, గల్ఫ్ వెళ్లడానికి ఫ్లాటు వదిలేసుకునే భాయీజాన్. స్లాబు ఎక్కడ కారుతుందో వాళ్లకు తెలుసు. రంగు వేయించే ముందు ఆ చోటు కొనేవాడికి చూపించి, ధరలో ఓ లక్ష తగ్గించుకుంటే అక్కడితో హిసాబ్ సాఫ్ అయిపోతుంది.